కడ్డీ దిగని చేను: రైతుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా నేల గట్టిదనం చుట్టూనే తిరిగాయి. ఒకే మాదిరివాటిని కలిపి, మూడు జిల్లాల నుంచి ఏరిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది ఎర్రనేల. ఏటా శెనక్కాయ వేస్తాం. ఈ మధ్య పీకేటప్పుడు కాయ సగం నేలలోనే ఉండిపోతోంది, ఓ మోస్తరు వానకే నీళ్ళు పైపైన జారిపోతున్నాయి. లోతుకు దిగి గట్టి పొరను చీల్చే సబ్‌సాయిలర్ కొట్టించమని ట్రాక్టర్ ఆయన పట్టుబడుతున్నాడు. నేల నిజంగా గట్టిపడిందో లేదో ముందు తెలుసుకునేదెట్లా?
— ఒక రైతు, కళ్యాణదుర్గం

మంచి వరసలో అడిగారు. గట్టి పొర ఉందా లేదా అన్నదొక్కటే కాదు, ఎంత లోతులో మొదలై ఎంత లోతులో ముగుస్తుందో తెలియాలి. 12 సెంటీమీటర్ల దగ్గర ఉన్న పొరకు సబ్‌సాయిలర్ అక్కర్లేదు. 25 దగ్గర ఉన్నదాన్ని కల్టివేటర్ తాకనైనా తాకదు.

ముందు గుంత. పైరు చేలో ఉన్నప్పుడే, బాగా పెరిగిన చోట ఒకటి, గిడసబారిన చోట ఒకటి, దున్నని గెనిమ (గట్టు) పక్కన మూడోది తవ్వండి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు చాలు. ఒక గోడను పారతో చెక్కకుండా చాకు మొనతో గీరి శుభ్రం చేయండి. పార చెక్కితే గోడ మెరుగెక్కి పొరలు కనబడవు. తర్వాత పైనుంచి కిందికి ప్రతి 5 సెంటీమీటర్లకూ చాకు పొడుస్తూ పోండి. చెయ్యి ఆగిన చోట ఒక గీత, మళ్ళీ తేలిగ్గా దిగిన చోట ఒక గీత పెట్టుకోండి. ఆ రెండు గీతల మధ్యది గట్టి పొర. నాగలి అడుగున ఏర్పడే పొర మామూలుగా 5 నుంచి 10 సెంటీమీటర్ల మందం ఉంటుంది. అక్కడి మట్టి పెళ్ళ తీస్తే అడ్డంగా పలకల్లా విడిపోతుంది, గుండ్రని కణికలుగా రాలదు. వేర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. చేలో కందో ఆముదమో ఉంటే ఒక మొక్క చుట్టూ తవ్వి తీయండి. తల్లివేరు సూటిగా దిగి ఒకచోట మోకాలులా పక్కకు తిరిగి ఉంటే, తిరిగిన లోతే మీ పొర మొదలైన లోతు.

రెండోది కడ్డీ. పెనిట్రోమీటర్ అనే పరికరం చేసే పని ఇదే. దాని మొన 30 డిగ్రీల శంకువు, పైన ఒత్తిడి చూపే గడియారం. వేళ్ళకు 2 మెగాపాస్కల్ ఒత్తిడి, అంటే సుమారు 300 పీఎస్‌ఐ, గీటురాయి. అంతకు మించిన చోట చాలా పైర్ల వేళ్ళ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. పరికరం లేకపోతే వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. 10 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ మూడడుగులు, పైన అడ్డపిడి, కింద 13 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేలా లేతు మిషన్ మీద తిప్పించిన మొన. మొన కడ్డీకంటే లావుగా ఉండటం తప్పనిసరి. లేకుంటే కడ్డీ పొడవునా మట్టి పట్టుకుని లోతుకు పోయేకొద్దీ లెక్క అబద్ధం చెబుతుంది. నల్లనేలలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. కడ్డీ మీద 5 సెంటీమీటర్లకొక గాటు పెట్టించండి.

ఇక ఎంత బరువుతో నొక్కుతున్నామో తెలియడానికి ఇంట్లో మనుషుల్ని తూచే కాటా చాలు. చేలో చదునైన పలక వేసి, దాని మీద కాటా పెట్టి, మీరు ఎక్కి నిలబడి, పక్కనున్న నేలలో కడ్డీని నొక్కండి. కాటాలో మీ బరువు ఎంత తగ్గితే కడ్డీ మీద అంత పడుతున్నట్టు. 13 మిల్లీమీటర్ల మొన విస్తీర్ణం 1.33 చదరపు సెంటీమీటర్లు. 2 మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు 20 కిలోల పైచిలుకు. కాబట్టి మీ హద్దు 27 కిలోలు. 65 కిలోల మనిషి నొక్కినప్పుడు కాటా 38 చూపితే వేరు ఆగే చోటికి వచ్చినట్టే. 13 కిలోల లోపే దిగుతుంటే ఆ లోతున బెంగ లేదు. నడుమ ఉంటే వేరు పోతుంది కానీ నెమ్మదిగా, ఎండు కాలంలో వెనకబడుతుంది. కాటా మీద నిలబడి లోతు గాటు చూడటం ఒక్కరివల్ల కాదు, ఇంకొకరు పక్కన కూర్చొని గాటూ అంకే చదివి రాసుకోవాలి. నొక్కే వేగం సెకనుకు 3 సెంటీమీటర్లు, ఆగకుండా. కుదుపుతో పొడిస్తే ఒక్కసారిగా ఎక్కువ చూపుతుంది.

ఎక్కువమంది చెడగొట్టుకునేది తేమ దగ్గర. ఎండిన ఎర్రనేల ఇటుకలా ఉంటుంది, ఏ కడ్డీ దిగదు. దాన్ని చూసి నేల గట్టిపడిందంటే ప్రతి చేనూ గట్టిపడ్డట్టే. బురదలో కొలిస్తే గట్టి పొర కూడా మెత్తగా దొరుకుతుంది. నేలను బాగా తడిపిన వాన తర్వాత ఎర్రనేలలో ఒకటి రెండు రోజులకు, నల్లనేలలో మూడు నాలుగు రోజులకు కొలవాలి. మీ వైపు 25 మిల్లీమీటర్ల వాన పడితే అడుగున్నర తడవదు, 50 దాకా కావాలి. అంత వానకు ఎదురుచూడలేకపోతే 2 మీటర్ల చదరపు మడి కట్టి 300 లీటర్ల నీళ్ళు మెల్లగా పోసి, గోనెసంచులు కప్పి, రెండు రోజులాగి అందులో కొలవండి. అలాంటివి చేలో నాలుగైదు చోట్ల చేయాలి.

వాన తర్వాత అయితే ఐదెకరాలకు 15–20 చోట్ల అడ్డదిడ్డంగా తిరుగుతూ కొలవండి. ట్రాక్టర్ మలుపు తిరిగే కొసలను, చేలోని బండిదారిని విడిగా రాసుకోండి. వాటిని సగటులో కలిపితే చేను మొత్తం చెడినట్టు కనిపిస్తుంది.

మీ ఎర్రనేలలో ఇంకో మెలిక. కింద గరుసు, అంటే రాళ్ళు కలిసిన గట్టి పొర, ఉంటుంది. నాగలి పొర అయితే కడ్డీ ఆగి, బలం పెడితే దిగి, కింద మళ్ళీ తేలికవుతుంది. గరుసయితే కరకరమని చప్పుడొస్తుంది, ఎంత నొక్కినా కింద తేలిక కాదు. గరుసును సబ్‌సాయిలర్‌తో చీల్చడం రాళ్ళు పైకి తేవడమే. కడ్డీ 15 సెంటీమీటర్ల లోపే తేలిగ్గా దిగి కింద గరుసు తగిలితే ఆ డబ్బు దిబ్బ ఎరువు మీద పెట్టండి.

ప్రశ్న: మట్టి పరీక్ష చేయిస్తే గట్టిదనం కూడా చెబుతారా? కార్డులో ఎక్కడా కనబడలేదు.
— ఒక పాఠకురాలు, ఉరవకొండ

కనబడదు. మనం సంచిలో పంపేది తవ్వి కలిపిన వదులు మట్టి. ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, పోషకాలు దాంట్లో తెలుస్తాయి. మట్టి చేలో ఎలా కూరుకుని ఉందో సంచిలోకి ఎక్కించేసరికే పోయింది. దానికి నేలను కదపకుండా కొలిచిన గుండ్రని ముక్కగా తీయాలి.

7 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, 7 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పలుచని ఇనుప గొట్టం ముక్క చేయించి ఒక అంచును బయటివైపు నుంచి పదును పెట్టించండి. దాని ఘనపరిమాణం 269 ఘన సెంటీమీటర్లు. పొర ఉన్న లోతు దాకా పైమట్టి తీసేసి, గొట్టం మీద చెక్క పెట్టి సుత్తితో నిటారుగా దింపండి. లోపలి మట్టి పైమట్టం బయటి మట్టం కంటే కుంగితే మీరే కొట్టి కుదించారన్నమాట, ఆ ముక్క పారేసి పక్కన తీయండి. చుట్టూ తవ్వి బయటికి తీసి, రెండు కొసలూ చాకుతో సమంగా కోసి, మట్టంతా ఒక్క కణం వదలకుండా ఆరబెట్టాలి. ఎండలో ఆరితే సరిపోదు, ముఖ్యంగా నల్లమట్టి ఎండలో ఎంత ఆరినా కొంత తేమ పట్టి ఉంచుకుంటుంది. 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు పెట్టాలి. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో కాలేజీ ల్యాబులోనో అడగండి. ఆరిన బరువును ఘనపరిమాణంతో భాగిస్తే నేల సాంద్రత వస్తుంది. 445 గ్రాములు తూగితే 445 ÷ 269, అంటే ఘన సెంటీమీటరుకు 1.65 గ్రాములు.

ఆ అంకె నేలను బట్టి అర్థం మార్చుకుంటుంది. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలలో 1.6 దాటితే వేళ్ళకు ఇబ్బంది మొదలు, 1.8 దగ్గర దారి మూసుకుపోతుంది. బంక ఎక్కువున్న నల్లనేలలో 1.4కే ఇబ్బంది, 1.47 దాటితే మూసుకున్నట్టే. పక్క ఊరి నల్లరేగడి చేనుకు 1.45 వచ్చిందని, మీ ఎర్రనేలకు వచ్చిన 1.55తో పోల్చి మీది చెడ్డదనుకోకండి.

రాళ్ళున్న నేలలో గొట్టం దిగదు. అప్పుడు జానెడు వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతు చిన్న గుంత తీసి, తీసిన మట్టంతా గంపలో దాచండి. గుంతలో పలుచటి పాలిథిన్ కవరు పరిచి, కొలసీసాతో నేల మట్టం దాకా నీళ్ళు పోయండి. పట్టిన నీళ్ళే గుంత పరిమాణం. ఆరిన మట్టిని జల్లించి 2 మిల్లీమీటర్ల పైబడ్డ రాళ్ళను వేరుగా తూచండి. రాళ్ళ బరువును 2.65తో భాగిస్తే వాటి పరిమాణం. ఉదాహరణకు 1750 మిల్లీలీటర్ల గుంత, 3200 గ్రాముల ఎండు మట్టి, అందులో 900 గ్రాముల రాళ్ళు. రాళ్ళ పరిమాణం 340. మిగిలిన 2300 గ్రాములను 1410తో భాగిస్తే 1.63. రాళ్ళు తీయకుండా లెక్కకడితే 1.83 వచ్చి భయపెట్టేది.

ప్రశ్న: మాది నల్లరేగడి, పప్పుశనగ. కోత అయ్యాక ఫిబ్రవరిలో గడ్డపార వేస్తే కణేల్ మంటోంది. లోతు దుక్కి చేయించాలా?
— ఒక రైతు, జమ్మలమడుగు

ఫిబ్రవరిలో ఏ నల్లరేగడి అయినా అట్లే ఉంటుంది. అది ఎండిన బంక గట్టిదనం, కూరుకున్న గట్టిదనం కాదు. నల్లనేల తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకుని నెరలిస్తుంది. పొలమంతా బెత్తెడు బెత్తెడు నెరలు పడుతుంటే, ఏటా ఎంతోకొంత తనను తానే విప్పుకుంటున్నట్టు. వానాకాలం దాకా ఆగి, నేల తేమ పదునులో ఉన్నప్పుడు కడ్డీ వేసి చూడండి. పొర లేకపోతే లోతు దుక్కి వద్దు. పెళ్ళలు పగలడానికి మళ్ళీ రెండు మూడు సార్లు ట్రాక్టర్ తిప్పాల్సి వస్తుంది, ఆ చక్రాల కిందే కొత్త పొర పుడుతుంది.

నల్లనేలలో నెర సరిగా పడకుండా ఒకచోట మొత్తం చట్టుగా ఉంటే, అక్కడ అనుమానించాలి. అది ఎక్కువగా తడిలో గొర్రు తోలిన చోటో, కోత మిషన్ తిరిగిన చోటో అయి ఉంటుంది.

ప్రశ్న: కడ్డీతో కొలిచాం. 20 సెంటీమీటర్ల దగ్గర మొదలై 30 దాకా గట్టిగా ఉంది, కింద మెత్తనే. సబ్‌సాయిలర్ ఎప్పుడు, ఎట్లా కొట్టించాలి? పోయిన ఏడు పక్కాయన కొట్టిస్తే ఏ తేడా రాలేదు.
— ఒక రైతు, పత్తికొండ

తేడా రాకపోవడానికి కారణాలు నాలుగే ఉంటాయి: తడిలో కొట్టి ఉండాలి, లోతు తప్పి ఉండాలి, గీతలు దూరమై ఉండాలి, లేదా కొట్టిన నేలనే మళ్ళీ తొక్కి ఉండాలి.

లోతు ముందు చూద్దాం. పొర అట్టడుగుకు మించి 3–5 సెంటీమీటర్లు కిందికి కర్రు పోవాలి. మీకు 33–35 చాలు. 45 దింపితే డీజిల్ దండగ, పైగా మెత్తటి అడుగును అనవసరంగా కదిపినట్టు. ఎక్కువ లోతు అంటే ఎక్కువ మంచిదని కాదు. కర్రు వెడల్పుకు 5 నుంచి 7 రెట్ల లోతు దాకే మట్టి పైకి లేచి పగులుతుంది. 6 సెంటీమీటర్ల కర్రుకు 40 సెంటీమీటర్లు హద్దు. దాన్ని దాటితే మట్టి పైకి లేవదు, కర్రు పక్కలకు తోసి అక్కడే మరింత కుదిస్తుంది.

తేమ అసలు విషయం. పొర ఉన్న లోతున మట్టి పొడిగా, పెళుసుగా ఉండాలి. అప్పుడే అది పగులుతుంది. తడిగా ఉంటే కర్రు వెన్నలో కత్తిలా ఒక సందు కోసి, రెండు వైపులా గోడలు నునుపు చేసి పోతుంది, అంతే. పరీక్ష తేలిక. పొర లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి అరచేతుల మధ్య పుల్లలా చుట్టండి. 3 మిల్లీమీటర్ల సన్నపు పుల్లగా చుట్టుకుంటే తడి ఎక్కువ, ఆగండి. చుట్టుతుండగానే విరిగి రాలిపోతే కొట్టించండి. పైమట్టి చూసి నిర్ణయించడమే చాలామంది చేసే తప్పు. పైన ఆరి ఉంటుంది, అడుగున జిగట ఉంటుంది. మరీ ఎండిపోయినా చిక్కే, ట్రాక్టర్ చక్రాలు జారి కర్రు లోతు పట్టదు. వేసవి జల్లుకు పైన రెండంగుళాలు తడిసి, కింద పొడిగా ఉన్న సమయం దొరికితే అదే అదును.

45–50 హెచ్‌పీ ట్రాక్టర్‌కు ఒక కర్రు సబ్‌సాయిలర్. గంటకు 3 నుంచి 5 కిలోమీటర్లు. గీతకూ గీతకూ దూరం లోతుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు, అంటే మీకు 50 సెంటీమీటర్లు. కిరాయి ట్రాక్టర్లు 4 అడుగులకొక గీత గీసి పోతారు, నడుమ పొర అలాగే మిగులుతుంది. పక్కాయన చేను అలాగే అయి ఉండొచ్చు. అంత దగ్గరగా కొట్టించే ఖర్చు భరించలేకపోతే, ఆముదమో కందో వేసే సాలు గీతల మీదనే కొట్టించి, విత్తనం సరిగ్గా ఆ గీతల మీద పడేట్టు చూడండి. వేరుకు దారి దొరుకుతుంది.

మొదటి రెండు గీతలు అయ్యాక ట్రాక్టర్ ఆపించండి. గీతలకు అడ్డంగా గుంత తవ్వి చూడండి. కర్రు అడుగు నుంచి రెండు పక్కలకూ పగుళ్ళు విచ్చుకుని ఉండాలి, నేల పైకి కొంచెం ఉబ్బి ఉండాలి. నడిమి పొర పగలకపోతే గీతలు దగ్గర చేయించండి. నునుపు సందు తప్ప ఏమీ లేకపోతే ఆ రోజుకు పని మానుకోవడమే లాభం. కర్రు మొన అరిగి ఉంటే లోతు పట్టదు, డీజిల్ తాగుతుంది, కిరాయికి వచ్చినప్పుడే చూడండి. షేర్ బోల్టు (అడ్డు తగిలితే ముందు తానే తెగేలా పెట్టే బోల్టు) తెగితే అదే రకం బోల్టు వేయమనండి. గట్టి బోల్టు వేస్తే ఈసారి బండ తగిలినప్పుడు బోల్టు బదులు సబ్‌సాయిలర్ కాలే వంగుతుంది.

తర్వాతది అందరూ మరిచేది. విచ్చిన నేల మెత్తగా ఉంటుంది, బరువు ఆనదు. వారం తిరగకముందే రోటవేటర్, ఆపై కల్టివేటర్, ఆపై ఎరువు ట్రాలీ తిప్పితే ఒకటి రెండేళ్ళలో మళ్ళీ మొదటికి వస్తుంది. కొట్టించాక ఒక్కసారి తేలిక గుంటక తోలి, తొలకరికి జనుము ఎకరాకు 12–15 కిలోలు చల్లి, పూత దశలో, 45–50 రోజులకు, కలియదున్నండి. పైరే కావాలంటే కంది, ఆముదం వేయండి. వేళ్ళు పగుళ్ళలోకి దిగితే అవి మూసుకోవు. రోటవేటర్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి: ఆ ఎల్ ఆకారపు పళ్ళు ఏటా ఒకే లోతున, 10–12 సెంటీమీటర్ల దగ్గర, నేలను మెత్తి నునుపు చేస్తాయి. పైమట్టిని పిండి చేస్తాయి. మా అభిప్రాయంలో మెట్టనేలకు ఇంత రోటవేటర్ అవసరం లేదు.

ప్రశ్న: కె.సి. (కర్నూలు–కడప) కాలువ కింద వరి, ఆ తర్వాత పసుపు వేయాలని ఉంది. దమ్ము చేసిన మడిలో అడుగు పొర పగలగొట్టించమంటారా?
— ఒక రైతు, మైదుకూరు

వరికి ఆ పొరే కాపలా. దమ్ములో 15–20 సెంటీమీటర్ల కింద ఏర్పడిన పొర నీళ్ళు దిగకుండా పట్టి ఉంచుతుంది. దాన్ని చీల్చితే వచ్చే ఏడు వరికి నీళ్ళు చాలవు, ట్రాక్టర్‌కు దమ్ములో తగిలించే ఇనుప కేజ్ వీల్ దిగబడిపోతుంది కూడా. మళ్ళీ ఏడాదికే వరికి వచ్చేటట్టయితే పొర జోలికి పోవద్దు. పసుపు దుంప గట్టినేలలో ఊరదు కాబట్టి, ఆరాక దున్ని, 30 సెంటీమీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు ఎత్తుమడులు కట్టి వాటి మీద నాటండి. దుంపకు కావలసిన మెత్తటి మట్టి పైనే దొరుకుతుంది. మడుల మధ్య కాలువకు చివర నీరు పోయే దారి తప్పక ఉండాలి. పొర మీద నిలిచిన నీళ్ళు దుంపకుళ్ళు తెస్తాయి. రెండు మూడేళ్ళు వరి మానేస్తారంటే మాత్రం పగలగొట్టించవచ్చు.

వరి కోతకు 10–15 రోజుల ముందే నీళ్ళు తీసేయండి. గింజలు నిండిన కోత మిషన్ తడి మడిలో దిగితే వేసిన గాళ్ళు దమ్ము పొర కంటే లోతుకు పోతాయి. నేల మెత్తగానే ఉంటే టైర్ల బదులు పట్టాల మీద నడిచే చైన్ మిషన్ అడగండి. గాళ్ళు పడితే తడిలో పూడ్చకండి, బాగా ఆరాక దున్నండి.

ప్రశ్న: చీనీ (బత్తాయి) తోట, పన్నెండేళ్ళది, డ్రిప్. చెట్ల మధ్య నేల సిమెంటు గచ్చులా ఉంది. సబ్‌సాయిలర్ తోలితే వేర్లకు గాలి తగులుతుందని అంటున్నారు.
— ఒక రైతు, పులివెందుల

తోలకండి, కనీసం చెట్టు దగ్గర. చీనీ మేతవేర్లు (నీళ్ళూ పోషకాలూ పీల్చే సన్నవేర్లు) ఎక్కువగా పై అడుగున్నర, రెండడుగుల్లోనే ఉంటాయి. కర్రు వాటిని కోసుకుంటూ పోతే గాయాల్లోంచి ఎండుకుళ్ళు లాంటి వేరు తెగుళ్ళు దిగుతాయి. ఆ ఏడు కాపు మాట దేవుడెరుగు, చెట్టే పోవచ్చు. 6 మీటర్ల ఎడంలో నాటిన తోటయితే నడిసాలులో, చెట్టుకు 3 మీటర్ల దూరాన, ఒక్క గీత కొట్టించవచ్చు. అదీ కాయ కోశాక, ఒక ఏడు ఒక సాలు వదిలి ఒక సాలు, మరుసటి ఏడు మిగతావి.

చెట్టు కింద పని ఆగరుతో, అంటే నేలలో రంధ్రం వేసే బర్మాతో. కొమ్మల అంచు కింద చుట్టూ 8–10 చోట్ల 45 సెంటీమీటర్ల లోతు, మూడంగుళాల వెడల్పు రంధ్రాలు వేసి బాగా చివికిన ఎరువు నింపండి. మట్టి జిగటగా ఉన్నప్పుడు వేస్తే రంధ్రం గోడ నునుపై నీళ్ళు పక్కకు పోవు. ఆపై శెనక్కాయ పొట్టో వరిగడ్డో 7–10 సెంటీమీటర్ల మందం పరచండి, మొదలుకు అడుగు ఎడం వదలండి.

గచ్చుకు కారణం వెతికితే ఎక్కువ తోటల్లో మందు కొట్టే ట్యాంకరు దొరుకుతుంది. డ్రిప్ తడి మీదుగా, నిండు ట్యాంకుతో, నెలకు రెండుసార్లు. దానికి ఒక సాలు వదిలి ఒక సాలు శాశ్వత దారి పెట్టి, మిగతా సాళ్ళలోకి రానివ్వకండి. తొలిసారి తొక్కినప్పుడే నేల ఎక్కువగా కుదించుకుంటుంది, అదే దారిలో మళ్ళీ మళ్ళీ పోయినందువల్ల కలిగే నష్టం తక్కువ. కలుపుకు రోటవేటర్ మాని కోయించండి.

ప్రశ్న: బోరునీళ్ళు పెట్టేకొద్దీ నేల గట్టిపడుతోంది. ఎంత దున్నినా తడి తర్వాత మళ్ళీ అట్టే. జిప్సం వేస్తే నేల మెత్తబడుతుందా?
— ఒక రైతు, కోడుమూరు

మీది బహుశా చక్రాల వల్ల వచ్చింది కాదు, సోడియం వల్ల వచ్చింది. ఇంట్లో చూడొచ్చు. ఎండిన చిన్న మట్టిపెళ్ళను బ్యాటరీ నీళ్ళలోనో పట్టిన వాననీళ్ళలోనో మెల్లగా వదలండి, కదపొద్దు. రెండు గంటల తర్వాత పెళ్ళ చుట్టూ పాలలాంటి మసక అలుముకుంటే సోడియం పని చేస్తోంది. విడిపోయి కుప్పకూలినా పైన నీళ్ళు తేటగా ఉంటే సోడియం కాదు. ఈ పరీక్ష బోరునీళ్ళతో చేస్తే నిజం తెలియదు, వాటిలోని ఉప్పులు మసకను అణచిపెడతాయి.

మసక వస్తే మట్టినీ బోరునీళ్ళనూ పరీక్షకు పంపండి. ఉదజని సూచిక 8.5 దాటి, వినిమయ సోడియం (మట్టి కణాలకు అంటుకుని ఉన్నది) 15 శాతం మించితే కారుచౌడు. నీళ్ళలో మిగులు సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఆ నీళ్ళు నేలను మళ్ళీ చెడగొడుతూనే ఉంటాయి. జిప్సం మోతాదు ల్యాబు చెప్పిన లెక్క ప్రకారమే వేయాలి. అది వేశాక మడి కట్టి మంచి నీళ్ళు నిలబెట్టి కిందికి దించి, సోడియాన్ని మురుగుకాలువ గుండా బయటికి పంపాలి. నీరు బయటికి పోయే దారి లేని చోట జిప్సం వేసినా ఫలితం సగమే.

మసక రాకపోతే జిప్సం కొనకండి. నాగలి పొరను అది కరిగించదు. వేరుశనగకు ఎకరాకు 200 కిలోలు పూత–ఊడ దశలో వేసేది కాయకు కాల్షియం, గంధకం కోసం, అది వేరే లెక్క.

ప్రశ్న: విత్తిన మూడో రోజు జడివాన. పైన అట్ట కట్టింది, మొలక రావడం లేదు.
— ఒక రైతు, రాయదుర్గం

నేల పూర్తిగా ఆరకముందే, మొలక పైకి రాకముందే, సాళ్ళకు అడ్డంగా తేలిక ముళ్ళకంప తోలండి. బరువు పెట్టొద్దు, పైన అర అంగుళం పగిలితే చాలు. తుంపర సేద్యం ఉంటే సన్నగా తడిపినా అట్ట మెత్తబడి మొలక తోసుకొస్తుంది. మొలక మెడ విరిగిందేమో రెండు మూడు చోట్ల తవ్వి చూసి, విరిగినవి ఎక్కువుంటే మళ్ళీ విత్తడానికి ఆలస్యం చేయకండి. వచ్చే ఏటికి దుక్కిలో దిబ్బ ఎరువు 4 టన్నులు, లేదా నలిపిన శెనక్కాయ పొట్టు 2 టన్నులు ఎకరాకు. పొట్టు చివకడానికి నత్రజనిని లాక్కుంటుంది కాబట్టి విత్తడానికి రెండు నెలల ముందే కలపండి.

ప్రశ్న: ట్రాక్టర్ టైరులో గాలి తగ్గిస్తే నేల గట్టిపడదా?
— ఒక ట్రాక్టర్ యజమాని, గుత్తి

పైపొర వరకు నిజమే. పై జానెడు నేల మీద పడే ఒత్తిడి టైరు గాలిని బట్టి ఉంటుంది. లోతుకు పోయే ఒత్తిడి మాత్రం ఇరుసు మీద పడే బరువును బట్టి ఉంటుంది, గాలి ఎంత తీసినా అది తగ్గదు. దుక్కికి వెనక టైర్లలో 12–14 పీఎస్‌ఐ చాలు, రోడ్డు మీద ట్రాలీ లాగేటప్పుడు కంపెనీ పుస్తకంలో రాసినంత పెట్టుకోండి. రోడ్డు గాలితోనే చేలోకి దిగడం సర్వసాధారణమైన తప్పు. టైరులో నీళ్ళు నింపి ఉంటే ఒక్కో వెనక టైరుకు 150 కిలోలకు పైనే అదనం. దుక్కికి అవి కావాలి. విత్తేటప్పుడు, గుంటక తోలేటప్పుడు తీసేయండి.

చెరువుమట్టి తోలేవాళ్ళకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. నిండు ట్రాలీ చిన్న టైర్లు చాలా ఎక్కువ గాలితో ఉంటాయి, వాటికింద పడే ఒత్తిడి ట్రాక్టర్ టైరు కంటే ఎక్కువ. ఎండాకాలంలో, నేల పూర్తిగా ఎండి ఉన్నప్పుడే తోలించండి. చేలో ఒకే దారిన పోయి వచ్చేట్టు కర్రలు పాతి, మట్టి పరచడం అయ్యాక ఆ దారి మీద కడ్డీ వేసి చూడండి. పొర పడితే అక్కడ మాత్రమే చీల్చుకుంటే సరిపోతుంది.